‘వాక్యం మాత్రమే’ అనేవాళ్లకూ ఒక పద్ధతి ఉంటుంది

రక్షణ గురించి ఇద్దరు విశ్వాసులు వాదనకు దిగితే అది చాలాసార్లు రెండు వచనాల దగ్గర ఆగిపోతుంది. ఒకరు పౌలు రాసిన రోమా పత్రిక 3:28 తీస్తారు: ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడిగా తీర్చబడతాడు. రెండోవారు యాకోబు 2:24 తీస్తారు: విశ్వాసం వల్ల మాత్రమే కాదు, క్రియల వల్ల కూడా. కాసేపటికి ఇద్దరి నోటా ఒకటే మాట వస్తుంది: “చెప్పేది నేను కాదండీ, వాక్యం చెబుతోంది.” ఇక ఆ వాదన బిగుసుకుంటుందే గానీ ముందుకు జరగదు.

జరగకపోవడానికి కారణం ఉంది. మొదటివారు రోమా పత్రికను తాళంచెవిగా పట్టుకుని యాకోబును తెరుస్తున్నారు. రెండోవారు యాకోబుతో రోమాను తెరుస్తున్నారు. దేని వెలుగులో దేన్ని చదవాలన్న నిర్ణయం ఇద్దరూ బైబిలు తెరవకముందే చేసేశారు. ఆ నిర్ణయం ఏ వచనంలోనూ రాసి లేదు. దానికే పద్ధతి అని పేరు. “నాకు పద్ధతులతో పనిలేదు, ఉన్నది ఉన్నట్టు చదువుతాను” అనేవారికీ పద్ధతి ఉంటుంది, పైకి చెప్పరంతే. పైకి చెప్పినదాన్నయితే ఎవరైనా తప్పు పట్టొచ్చు, దిద్దొచ్చు. చెప్పనిదాన్ని ఏం చేస్తాం? అది వాక్యం వేషం వేసుకుని కూర్చుంటుంది. నా అభ్యంతరమంతా దానిమీదే.

థియాలజీకి తెలుగులో ‘వేదాంతశాస్త్రం’ అన్న మాట స్థిరపడింది. ఉపనిషత్తుల వేదాంతంతో కలగాపులగం అవుతుందని కొందరు ‘దైవశాస్త్రం’ అంటారు. పేరు ఏదైనా, దాని కింద జరిగే పని ఒక్కటి కాదు. ఒక వాక్యభాగం దాన్ని రాసినవాడికీ మొదట విన్నవారికీ ఏమని అర్థమైందో తేల్చడం వ్యాఖ్యానం. ఒక రచయితలోనో, ఆదికాండం నుంచి ప్రకటన దాకానో ఒక అంశం ఎలా పెరుగుతూ వచ్చిందో చూడటం బైబిలు వేదాంతం. (చాలామంది దీన్ని ‘బైబిలుకు కట్టుబడ్డ వేదాంతం’ అనుకుంటారు. అలాగైతే మిగతావన్నీ కట్టుబడనివన్నమాట! అది ఒక శాఖ పేరు, యోగ్యతాపత్రం కాదు.) సంఘం ఆ అంశాన్ని శతాబ్దాల పొడుగునా ఎలా అర్థం చేసుకుందో, ఎక్కడ పోట్లాడుకుందో చూసేది చారిత్రక వేదాంతం. ఇవన్నీ దగ్గర పెట్టుకుని “అయితే ఈ సంగతిలో మనం ఏం నమ్మాలి?” అని అడిగేది క్రమబద్ధ వేదాంతం. దాన్ని ప్రసంగంలోకి, ఆరాధనలోకి, ఓదార్పులోకి తెచ్చేది ఆచరణ వేదాంతం.

మొదటి నుంచీ ఇవి ఇలా విడివిడిగా లేవు. 1787 మార్చి 30న జర్మనీలోని ఆల్ట్‌డోర్ఫ్ విశ్వవిద్యాలయంలో యోహాన్ ఫిలిప్ గాబ్లర్ చేసిన ప్రారంభోపన్యాసాన్ని ఈ విభజనకు మైలురాయిగా చెబుతారు. బైబిలు రచయితలు దేవుని గురించి ఏమనుకున్నారన్నది చరిత్ర ప్రశ్న, మనం ఈ కాలంలో ఏం బోధించాలన్నది సిద్ధాంత ప్రశ్న, రెండింటినీ కలిపేయకండి అన్నాడాయన. ఆయన వేసిన గీత మరీ లోతుగా దిగి, తర్వాతి రోజుల్లో బైబిలు పండితులూ సిద్ధాంత పండితులూ ఒకరినొకరు చదవడమే మానేసే దాకా పోయింది. ఆ నష్టం సంగతి అలా ఉంచి, గీత మాత్రం అవసరమేనంటాను. ఎందుకో ఆ రెండు వచనాల మీదే చూద్దాం.

వ్యాఖ్యానంలో మొదటి పని మాటల్ని వాటి వాక్యాల్లో ఉంచి చూడటం. ‘నీతిమంతుడిగా తీర్చు’ అన్న గ్రీకు క్రియ డికైయో కొత్త నిబంధనలో 39 సార్లు వస్తుంది. రోమాలో 15, గలతీలో 8, యాకోబులో 3. యాకోబు వాడిన మూడూ ఒక్క చోటే ఉన్నాయి: 2:21, 24, 25. పౌలు ఊరికే ‘క్రియలు’ అని చాలాచోట్ల అన్నా, వాదన బిగించే చోట ‘ధర్మశాస్త్ర క్రియలు’ అంటాడు. ఆ పదబంధం రోమా 3:20, 3:28లలోను, గలతీ 2:16లో మూడుసార్లు, 3:2, 3:5, 3:10లలోను ఉంది. మొత్తం 8. యాకోబులో అది ఒక్కసారీ లేదు. ఆయన క్రియలంటే ఏమిటో పక్కనే ఉంది: బట్టలు లేని సహోదరుడికి బట్ట ఇవ్వడం, తిండి లేని సహోదరికి తిండి పెట్టడం (2:15–16). గలతీ 2లో పౌలు తగువు ఎక్కడ మొదలైంది? అంతియొకయలో అన్యజనుల పక్కన కూర్చుని తింటున్న పేతురు, యాకోబు దగ్గరి నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గిన చోట. ఒకరిది అన్నం పెట్టని విశ్వాసం మీద ఫిర్యాదు, ఇంకొకరిది ఒకే బంతిలో కూర్చోనివ్వని నియమం మీద ఫిర్యాదు. ‘విశ్వాసం’ అన్న మాట కూడా ఇద్దరి దగ్గరా ఒకే తూకం తూగదు. యాకోబు 2:19లో దయ్యాలు కూడా దేవుడు ఒక్కడేనని నమ్మి వణుకుతాయి. గలతీ 5:6లో పౌలు చెప్పేది ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసం.

పదాల పనిలో జారిపోయే చోట్లు రెండున్నాయి, వేదికల మీద తరచూ వినబడేవే. ఒకటి, శక్తి అనే అర్థమున్న గ్రీకు మాట ‘డునమిస్’ నుంచి డైనమైట్ వచ్చింది కాబట్టి సువార్త డైనమైట్ లాంటిదనడం. ఆల్ఫ్రెడ్ నోబెల్ ఆ పేరు పెట్టింది 1867లో. రోమా 1:16 రాసేటప్పుడు పౌలు మనసులో పేలుడు పదార్థం ఉండే అవకాశం లేదు. రెండోది, ‘అగాపే’ అంటే దైవిక ప్రేమ, ‘ఫిలియో’ అంటే ఉత్త స్నేహం అని అడ్డుగోడ కట్టడం. సహచరుడు దేమా లోకాన్ని ‘ప్రేమించి’ పౌలును విడిచిపోయాడని చెప్పే 2 తిమోతి 4:10లో ఉన్నది అగాపే క్రియే. గ్రీకు పాత నిబంధనలో అమ్నోను తామారు మీద పెట్టుకున్న కామానికి కూడా (2 సమూయేలు 13) అదే కుదురు మాట వాడారు. తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడని చెప్పడానికి యోహాను సువార్త 3:35లో అగాపే క్రియ, 5:20లో ఫిలియో వాడింది. 1961లో బైబిలు పండితుడు జేమ్స్ బార్ గట్టిగా ఎత్తిచూపింది ఈ రకం పొరపాట్లనే: ఒక మాటకు ఎక్కడెక్కడో ఉన్న అర్థాలన్నీ మూటగట్టి ఒక్క వచనం నెత్తిన పెట్టడం. అర్థం ఉండేది వాక్యంలో. నిఘంటువు ఇచ్చేది అవకాశాల పట్టీ.

ఇప్పుడు అబ్రాహాము. ఇద్దరికీ సాక్షి ఆయనే. ఇద్దరూ ఎత్తేది ఆదికాండం 15:6నే: అబ్రాహాము నమ్మాడు, అది ఆయనకు నీతిగా ఎంచబడింది. అయితే దాని తర్వాత ఇద్దరూ ఎటు నడిచారో చూడాలి. రోమా 4:10లో పౌలు అడిగేది కాలక్రమం: నీతిగా ఎంచబడింది సున్నతికి ముందా, తర్వాతా? ఆదికాండం లెక్క ప్రకారం ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాహాముకు 86 ఏళ్లు, 15వ అధ్యాయం అంతకు ముందుది. సున్నతి 99వ ఏట. కాబట్టి సున్నతి లేకుండానే నీతి, అందుచేత అన్యజనులకూ దారి ఉంది. యాకోబు అదే గీత మీద ఇంకా ముందుకు వెళ్తాడు. ఇస్సాకు పుట్టింది నూరవ ఏట. 22వ అధ్యాయంలో ఇస్సాకు కట్టెలు మోసే వయసువాడు. బలిపీఠం దగ్గర అబ్రాహాము చేసినదాంతో 15:6 ‘నెరవేరింది’ అంటాడు యాకోబు (2:23). ఒకే జీవితంలో పౌలు ఆరంభాన్ని చూపిస్తున్నాడు, యాకోబు ఏళ్ల తర్వాత కాసిన కాయను చూపిస్తున్నాడు. ఈ సంగతి ఆ రెండు వచనాలను పక్కపక్కన పెట్టి ఎన్నిసార్లు చదివినా కనబడదు. ఆదికాండాన్ని కథగా, వరుసలో చదివితేనే కనబడుతుంది. బైబిలు వేదాంతం చేసే పని అదే.

ఇక్కడ ఒక తొందర వస్తుంది. “చూశారా, ఇద్దరూ ఒకటే చెప్పారు” అని మూట కట్టేయాలనిపిస్తుంది. ఆగాలి. ఇద్దరూ ఢీకొనడం లేదని చూపించడం వేరు, ఇద్దరూ ఒకటే అన్నారనడం వేరు. యాకోబును పౌలు గొంతుతో మాట్లాడిస్తే పేదవాడికి అన్నం పెట్టమన్న ఆయన కసురు మాయమైపోతుంది. పొత్తు కుదర్చడం క్రమబద్ధ వేదాంతం పని, అది చివర్లో రావాలి. ముందే వస్తే వ్యాఖ్యానం నోరు నొక్కుతుంది.

ఈలోపు చరిత్ర ఉంది. దాన్ని అలంకారంగా చూసేవారితో నేను ఏకీభవించను. 1522లో సంస్కరణోద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ తన జర్మన్ కొత్త నిబంధనలో రోమా 3:28 దగ్గర ‘మాత్రమే’ అన్న మాట చేర్చాడు. మూలంలో లేదన్న గొడవకు 1530లో జవాబిస్తూ, జర్మన్ నుడికారం దాన్ని అడుగుతుందనీ, పౌలు భావం కూడా అదేననీ సమర్థించుకున్నాడు. ‘విశ్వాసం వల్ల మాత్రమే’ అన్న కూర్పు కొత్త నిబంధన మూలంలో ఉన్నది ఒకే ఒక్క చోట, యాకోబు 2:24లో, అదీ ‘కాదు’ అన్న మాటతో. 1547 జనవరి 13న కాథలిక్ సంఘపు ట్రెంట్ మహాసభ 16 అధ్యాయాలు, 33 నిబంధనలతో జవాబు చెప్పింది. అయితే ఆ సభ యాకోబు వచనాన్ని ఎక్కడ వాడిందో గమనించాలి. నీతిమత్వం మొదట ఎలా దొరుకుతుందన్న చోట కాదు, దొరికిన నీతి ఎలా పెరుగుతుందన్న పదో అధ్యాయంలో. ఇంకో సంస్కర్త కాల్విన్ అదే వచనాన్ని, ఉన్న నీతి బయటపడటం గురించి అని చదివాడు. తగువు మూలం ఒక క్రియాపదంలో ఉంది. బైబిలును లాటిన్‌లో చదివిన ప్రాచీన సంఘ పండితుడు అగస్టీను దారిలో ఆ మాటకు ‘నీతిమంతుడిగా చేయడం’ అని అర్థం. సంస్కర్తల దారిలో న్యాయాధిపతి ‘నీతిమంతుడని తీర్పు చెప్పడం’. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. ఎవరి మాట తీరు వారికి ఉంచుతూనే మూల సత్యాల మీద ఒప్పుకోలు కుదిరింది. కొందరు లూథరన్ పండితులు దానికి ఒప్పుకోలేదు, వారి కారణాలు తేలికైనవి కావు. ఈ కథంతా తెలియకుండా ‘నీతిమంతుడిగా తీర్చబడుట’ అని పలికేవారు దాదాపు అయిదు వందల ఏళ్ల నాటి ఒక కక్షిదారు నిఘంటువుతోనే మాట్లాడుతుంటారు, తెలియకుండానే.

అసలు ‘బైబిలు మాటలు చాలు’ అన్న నియమం ఎక్కడ పగులుతుందో చూడాలంటే నైసియాలో జరిగిన సంఘ మహాసభకు వెళ్లాలి. క్రీ.శ. 325. కుమారుడు (క్రీస్తు) సృజించబడినవాడని అలెగ్జాండ్రియా సంఘ పెద్ద అరియుస్ వాదం. అతని చేతిలో వచనాలు లేవనుకుంటే పొరపాటు. సామెతలు 8:22లో జ్ఞానం అంటుంది: యెహోవా నన్ను... తర్వాత ఏ క్రియ? హెబ్రీలో ఉన్నది ‘కానా’, పొందాడు, సంపాదించాడు అనే అర్థాల మాట. ప్రాచీన గ్రీకు అనువాదం ‘సృజించాడు’ అంది. లాటిన్ వుల్గాతా ‘కలిగి ఉండెను’ అన్న వైపు వెళ్లింది. తెలుగు బైబిలు ‘కలుగజేసెను’ అంది. ఒక క్రియకు మూడు అనువాదాలు, మూడు మొగ్గులు. గ్రీకు చదివే అరియుస్‌కు అది చేతికందిన ఆయుధం.

సభలో ఏం జరిగిందో అరియుస్‌ను ఎదిరించిన అథనాసియుస్ తర్వాత రాశాడు. కుమారుడు ‘దేవుని నుండి’ వచ్చినవాడు అని బైబిలు మాట పెడదామన్నారు. అవతలి పక్షం సరేనంది. సమస్తం దేవుని నుండే కలిగిందని 1 కొరింథీ 8:6లో ఉంది కదా, సృష్టి కూడా దేవుని నుండే. ‘దేవుని శక్తి’ అన్నారు. దానికీ సరే, లేఖనంలో ఇంకా ఎన్నిటినో శక్తులన్నారు. ప్రతి బైబిలు మాటకూ వాళ్లు ఒకరికొకరు కళ్లతో సైగ చేసుకుని తలాడించారట. చివరికి బైబిల్లో ఎక్కడా లేని ‘హోమోఊసియోస్’ అన్న మాట పెట్టాల్సి వచ్చింది: తండ్రితో ఏక స్వభావం గలవాడు. బైబిలు అర్థాన్ని కాపాడటానికి బైబిల్లో లేని మాట! లేఖనపు పదాలను వల్లించడమూ లేఖనానికి కట్టుబడటమూ ఒకటి కాదని దీనికన్నా సూటిగా చూపించే ఘట్టం నాకు తెలియదు. ఆ మాట అక్కడితో నిలదొక్కుకోనూ లేదు. 381 కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా దశాబ్దాల పాటు దానిమీద కొట్లాట నడిచింది. సభ తీర్మానించడంతోనే సిద్ధాంతం పూర్తవుతుందనుకునే చారిత్రక వేదాంతం కూడా సోమరిదే.

రూపకార్థాల పద్ధతి గురించి కొంచెమే చెబుతాను. మధ్యయుగంలో ఒక్క వాక్యానికి నాలుగు అర్థాలు చూసేవారు. యెరూషలేము చరిత్రలో ఒక నగరం, రూపకంగా సంఘం, నీతిపరంగా మనిషి ఆత్మ, నిరీక్షణలో పరలోక పట్టణం. ముచ్చటైన పద్ధతే, దాన్ని ఎగతాళి చేసేవారికి గలతీ 4:24లో హాగరు, శారాల గురించి పౌలు చేసింది గుర్తుండదు. అయితే మంచి సమరయుడి ఉపమానంలో దెబ్బలు తిన్నవాడు ఆదాము, సత్రం సంఘం, సత్రం యజమాని పౌలు అని అగస్టీను చదివినప్పుడు, “నా పొరుగువాడు ఎవడు?” అన్న అసలు ప్రశ్న ఎటో పోయింది. దీనికి కళ్లెం వేసింది 13వ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాసే: వాదనకు ఆధారంగా నిలబడేది అక్షరార్థం ఒక్కటే. మిగతావి ధ్యానానికి పనికొస్తాయి, రుజువుకు కాదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం విచిత్ర బోధలు తలెత్తవు.

క్రమబద్ధ వేదాంతంలో గ్రంథం విషయసూచికే ఒక వాదన. దాన్ని ఎవరూ చదవరు! 19వ శతాబ్దంలో జర్మన్ వేదాంతి ష్లయర్‌మాకర్ క్రైస్తవ అనుభవం నుంచి, దేవుని మీద పూర్తిగా ఆధారపడి ఉన్నామన్న స్పృహ నుంచి మొదలుపెట్టాడు. త్రిత్వం ఆయన గ్రంథంలో చిట్టచివర వస్తుంది, ఎందుకంటే ఆ అనుభవంలో అది నేరుగా దొరకదు. 1932లో స్విస్ వేదాంతి కార్ల్ బార్త్ త్రిత్వాన్ని మొట్టమొదటి సంపుటంలోనే పెట్టాడు. మనిషి అనుభవం నుంచి దేవుని దగ్గరికి మెట్లు కడితే ఆ మెట్ల చివర దొరికేది మన ప్రతిబింబమేనన్నది ఆయన భయం. అది పుస్తకాల భయం కాదు. 1934లో జర్మన్ జాతిని, రక్తాన్ని దైవ ప్రత్యక్షతకు (దేవుడు తనను తాను వెల్లడి చేసుకోవడానికి) రెండో ఊటగా చూపించే, నాజీలను సమర్థించిన ‘జర్మన్ క్రైస్తవులకు’ ఎదురుగా బార్మెన్ ప్రకటన వచ్చింది, దాని రచనలో ప్రధాన హస్తం బార్త్‌దే. పద్ధతి గురించిన చర్చ పనిలేని చర్చ అనేవారికి ఆ ఒక్క ఏడాది చాలు.

అమెరికాలో చార్లెస్ హాడ్జ్ 1871–73 మధ్య తెచ్చిన మూడు సంపుటాల్లో ఇంకో దారి ఉంది. శాస్త్రవేత్తకు ప్రకృతి ఎలాగో వేదాంతికి బైబిలు అలాగ, అందులోని వాస్తవాలను పోగుచేసి క్రమంలో పెట్టడమే పని. మన ప్రసంగ వేదికల మీద, పేరు తెలియకుండానే, ఎక్కువగా నడిచే పద్ధతి ఇదే: పదసూచిక తెరిచి ఒక అంశం మీద వచ్చిన వచనాలన్నీ ఏరి, వరుసగా పేర్చడం. దీనిలోని మంచి ఏమిటంటే ఒక్క వచనం మీద మేడ కట్టనివ్వదు. లోపం మాత్రం లోతైంది. కీర్తన, సామెత, పత్రిక, దర్శనం అన్నీ ఒకే రకం ‘వాస్తవాలు’ అయిపోతాయి. యోబు స్నేహితుల మాటలు కూడా బైబిల్లో ఉన్నవే. వాళ్లు సరిగా మాట్లాడలేదని 42:7లో దేవుడే అంటాడు. పదసూచికకు ఆ సంగతి తెలియదు.

మన పరిస్థితి నుంచి మొదలుపెట్టే పద్ధతులు ఈ మూడింటికీ భిన్నం. 20వ శతాబ్దపు వేదాంతి పాల్ టిలిచ్ ‘అనుసంధాన పద్ధతి’లో ప్రశ్న కాలం అడుగుతుంది, జవాబు ప్రత్యక్షత ఇస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, ప్రశ్న ఆకారమే జవాబు ఆకారాన్ని నిర్ణయిస్తుంది. కాలం అడగని ప్రశ్నకు జవాబు చెప్పే వీలు ఉండదు, ప్రవక్తలు చేసింది ఎక్కువగా అదే. 1971లో పెరూ వేదాంతి గుతియేరెస్ విమోచన వేదాంతాన్ని ముందుకు తెచ్చినప్పుడు అన్నది వేరు: పేదల పక్షాన నిలబడి చేసే పని ముందు, ఆ పనిని వాక్యపు వెలుగులో విమర్శించుకోవడమే వేదాంతం, అది రెండో అడుగు. దీన్ని రాజకీయం అని కొట్టిపారేసేవారు తాము నిలబడ్డ చోటును చూసుకోరు. నిలబడే చోటు అందరికీ ఉంది, గుతియేరెస్ తనది ఎక్కడో చెప్పాడు. కానీ ఈ పద్ధతికీ గట్టి పరీక్ష ఒకటుంది. నిర్గమకాండం మీద ఆనుకునేవారు యెహోషువ దాకా చదవాలి. అక్కడ విడుదల పొందినవారి కత్తి కనానీయుల మీద ఉంది. కథను సగంలో ఆపితే అది కూడా ఏరుకున్న వచనమే, కాస్త పొడుగైనది.

లేఖనం, సంప్రదాయం, వివేకం, అనుభవం అని నాలుగు ఆధారాలు చెబుతూ దాన్ని ‘వెస్లీ చతుర్భుజం’ అంటారు. ఆ పేరు మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీది కాదు, 1960లలో వేదాంతి ఆల్బర్ట్ అవుట్లర్ పెట్టినది. తర్వాత ఆయనే ఎందుకు పెట్టానా అనుకున్నాడు. చతుర్భుజం అనగానే నాలుగు భుజాలూ సమానమనుకుంటారు మరి. వెస్లీకి లేఖనమే మొదటిది. ఆయన చెప్పిన అనుభవం కూడా ‘నాకిలా అనిపించింది’ కాదు, లేఖనం చెప్పిన మాట విశ్వాసుల జీవితాల్లో నిజమవడం.

ఇక చేతికి పనికొచ్చే సంగతి. ఒక సిద్ధాంతం మీద రాయాలన్నా మాట్లాడాలన్నా అక్వినాస్ వ్యాస రూపానికి మించిన సాధనం నాకు కనబడలేదు. ప్రశ్న ఒకటి. వెంటనే తన అభిప్రాయానికి ఎదురు వాదనలు, వీలైనంత బలంగా. తర్వాత ‘అయితే దీనికి విరుద్ధంగా’ అని ఒక ప్రమాణ వాక్యం. అప్పుడు తన జవాబు. చివర ఒక్కొక్క ఎదురు వాదనకూ విడివిడిగా సమాధానం. దేవుడున్నాడా అన్న ప్రశ్న దగ్గర ఆయన ముందు రాసినవి రెండే: లోకంలో చెడు ఉంది కాబట్టి అనంతమైన మంచి లేదు, ప్రకృతి, మనిషి ఇష్టం అన్నిటినీ వివరించగలవు కాబట్టి దేవుని అవసరం లేదు. నాస్తికుడు కూడా ఇంతకన్నా సూటిగా చెప్పలేడు.

‘విశ్వాసం వల్ల మాత్రమే’ అన్న ప్రశ్నకు ఆ రూపంలో ఒక పేజీ రాసి చూడండి. మొదటి ఎదురు వాదనగా యాకోబు 2:24 వస్తుంది. దానికి జవాబుకు కావలసిన సరుకు పైన ఉంది: ధర్మశాస్త్ర క్రియలకూ క్రియలకూ తేడా, దయ్యాల విశ్వాసం, అబ్రాహాము వయసు. రెండో వాదన దగ్గర కలం ఆగుతుంది. రోమా 2:6లో దేవుడు ప్రతివాడికీ వాడి క్రియల చొప్పున ప్రతిఫలమిస్తాడంటున్నది యాకోబు కాదు, పౌలే. 2 కొరింథీ 5:10లో మనమందరం క్రీస్తు న్యాయపీఠం ఎదుట నిలబడాలన్నదీ పౌలే. ఇక్కడ రెండు పత్రికల మధ్య తేడా అని తప్పించుకునే వీల్లేదు. ఒకే మనిషి, ఒకే రోమా పత్రికలో, ఒక్క అధ్యాయం ఎడంలో 2:6, 3:28 రెండు మాటలూ చెప్పాడు. యాకోబు గురించి గంటలు వాదించేవారి కాగితం మీద ఈ రెండో వాదన కింద ఏముందో ముందు చూడాలి. చాలాసార్లు అక్కడ ఖాళీ ఉంటుంది.